మీకు తెలుసా? నీటిగుర్రం మన దేశంలోనూ తిరిగింది

హైదరాబాదు జూపార్కుకు వెళ్లినవాళ్లకు నీటిగుర్రం కొత్తేమీ కాదు. అది ఎప్పుడు నోరు తెరుస్తుందా అని పిల్లలు కమ్మీల దగ్గర కాచుకుని ఉంటారు. ‘ఆఫ్రికా జంతువు’ అని పెద్దలు చెబుతారు. ఇవాళ్టి మటుకు ఆ మాట నిజమే. అయితే సుమారు 60 లక్షల ఏళ్ల క్రితం నుంచి దాదాపు 16 వేల ఏళ్ల క్రితం దాకా భారతదేశానికి సొంత నీటిగుర్రాలు ఉండేవి. శాస్త్రవేత్తలు వాటికి పెట్టిన పేరు హెక్సాప్రోటోడాన్.

16 వేల ఏళ్లంటే భూమి వయసు లెక్కలో నిన్నటి మాట. మన కడపకు పక్క జిల్లాలో, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం నుంచి ఎగిరొచ్చి పడిన బూడిద పొర ఉంది. అది 74 వేల ఏళ్ల నాటిది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంటే బూడిద పడకముందే ఈ సీమలో మనుషులు తిరుగుతున్నారు. ఈ దేశంలో మనిషీ నీటిగుర్రమూ వేల తరాల పాటు ఒకే కాలంలో బతికాయన్నమాట. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఒక్క పేరా అయినా దక్కాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ జంతువును మొదట గుర్తించింది ఎవరు? 1830ల్లో సహారన్‌పూర్‌లో ఇద్దరు మిత్రులుండేవారు. ఒకాయన హ్యూ ఫాల్కనర్, స్కాట్లండు వైద్యుడు, అక్కడి వృక్షోద్యానానికి అధికారి. ఇంకొకాయన ప్రోబీ కాట్లీ, సైన్యం నుంచి కాలువల పనికి వచ్చిన ఇంజనీరు. తర్వాతి రోజుల్లో గంగా కాలువ తవ్వించింది ఈయనే. 1854లో దానికి నీళ్లు వదిలారు. ఈ ఇద్దరూ హిమాలయాల పాదాల దగ్గరున్న శివాలిక్ గుట్టల్లో తిరిగి తిరిగి, రాయిగా మారిన ఎముకలు బండ్లకొద్దీ పోగుచేశారు. నాలుగు కొమ్ముల జిరాఫీ జాతి జంతువు, కొండంత తాబేలు, రకరకాల ఏనుగులు, వాటితోపాటు నీటిగుర్రాలు. 1836లో నీటిగుర్రాల మీద వాళ్లు రాసిన వ్యాసం అచ్చయింది. మరుసటి ఏడాది లండన్ జియలాజికల్ సొసైటీ ఇద్దరికీ కలిపి వోలాస్టన్ పతకం ఇచ్చింది. భూగర్భశాస్త్రంలో అప్పటికీ ఇప్పటికీ అంతకు మించిన గౌరవాలు తక్కువ. వాళ్లు పోగుచేసిన ఎముకల్లో పెద్ద భాగం ఈనాటికీ లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలోనే ఉంది.

వాళ్లకు తేడా పట్టించింది పళ్లు. ఇప్పటి ఆఫ్రికా నీటిగుర్రానికి కింది దవడ ముందు భాగంలో, రెండు కోరల మధ్య, నాలుగు పళ్లుంటాయి. శివాలిక్ దవడలో ఆరున్నాయి. జంతువు పేరులోని ‘హెక్సా’ ఆ ఆరే. నర్మద గట్టున దొరికిన తర్వాతి కాలపు జాతిలో ఆ ఆరింటిలో రెండు బాగా కుంచించుకుపోయి, పక్క పళ్ల మధ్య ఇరుక్కుని కనిపిస్తాయి.

నర్మద అన్నాం కాబట్టి ఇంకో మాట. 1982లో అరుణ్ సోనాకియా అనే భూగర్భ శాస్త్రవేత్తకు మధ్యప్రదేశ్‌లోని హథ్నోరా దగ్గర నర్మద ఒడ్డున ఆదిమానవుడి కపాలం పైభాగం దొరికింది. మన దేశంలో బయటపడిన అతి పాత మానవ శిలాజం అదే. ఆ నది మేటల్లోనే నీటిగుర్రం ఎముకలూ ఉన్నాయి.

ఈ నీటిగుర్రాల చుట్టాలు ఎవరో తెలుసా? చూపుకు పందిలా ఉంటుంది కాబట్టి పంది జాతి అని చాలాకాలం అనుకున్నారు. 1990ల్లో జన్యువులు పోల్చి చూశాక అసలు సంగతి తెలిసింది. ఇప్పుడు బతికి ఉన్న జంతువుల్లో నీటిగుర్రానికి అన్నిటికంటే దగ్గరి బంధువు తిమింగిలం. ఈ కథలో మన దేశపు పేరు ఒకటి పెద్ద అక్షరాలతో రాయాల్సి ఉంది: ఎ. రంగారావు.

రంగారావు చమురు, సహజవాయువు సంస్థలో భూగర్భ శాస్త్రవేత్త. జమ్ము కాశ్మీరులోని కాలాకోట్ దగ్గర సేకరించిన శిలాజాల్లోంచి 1971లో ఆయన ఒక కొత్త జంతువును లోకానికి చూపించారు. దాని పేరు ఇండోహ్యస్. అప్పటికి దొరికినవి కొన్ని పళ్లు, దవడ ముక్కలు మాత్రమే. గిట్టలున్న చిన్న జంతువు, ఇంటి పిల్లి కంటే మరీ పెద్దదేం కాదు, సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటిది. అదే ఏడాది అశోక్ సాహ్ని, ఆయన సహచరుడు ఆ ప్రాంతపు ఇంకో జంతువుకు ‘రావొయెల్లా’ అని రంగారావు పేరే పెట్టారు. ఆ కుటుంబం మొత్తాన్నీ ఇప్పుడు ప్రపంచమంతా రావొయెల్లిడే అనే పిలుస్తోంది.

రంగారావు తెచ్చిన రాళ్లలో చాలావాటిని పగలగొట్టి చూడకముందే ఆయన కన్నుమూశారు. ఆ రాళ్లను ఆయన భార్య జాగ్రత్తగా దాచి ఉంచారు. చివరికి అమెరికాలో పనిచేస్తున్న హాన్స్ థెవిస్సెన్ అనే పరిశోధకుడికి అప్పగించారు. ఒకరోజు ప్రయోగశాలలో, రాతి నుంచి పుర్రెను విడదీస్తున్న సహాయకుడి చేతిలో ఒక ముక్క పొరపాటున విరిగింది. విరిగిన చోట చెవి ఎముక లోపలి గోడ బయటపడింది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉన్న ఆ గోడ అప్పటిదాకా తిమింగిలాల్లో మాత్రమే చూసిన గుర్తు. 2007 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ఈ విషయం అచ్చయింది. సునీల్ బాజ్‌పాయ్, బి.ఎన్. తివారీ కూడా ఆ పరిశోధనలో భాగస్వాములు. ఇండోహ్యస్ కాళ్ల ఎముకలు లోపల గట్టిపడి బరువుగా ఉన్నాయి. ఇప్పటి నీటిగుర్రం ఎముకలూ అంతే. ఆ బరువే నీళ్లలో తేలిపోకుండా అడుగున నడవనిస్తుంది. పంటి రసాయనాలు కూడా అది నీళ్లలో ఎక్కువసేపు గడిపిందనే చెప్పాయి.

ఒక మనిషి తాను చూడని ఫలితం కోసం రాళ్లు మోసుకొచ్చాడు, ఇంకో మనిషి వాటిని పారేయకుండా కాపాడింది. మూడు దశాబ్దాల తర్వాత తిమింగిలాల పుట్టుక ఆ రాళ్లలోంచి బయటికొచ్చింది. రంగారావు పేరు మన బడుల్లో వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మళ్లీ నీటిగుర్రానికి వద్దాం. అది ఉత్తరాదికే పరిమితమా? కాదు. శ్రీలంకలో రత్నపుర అనే ఊరుంది. నీలాల కోసం, కెంపుల కోసం అక్కడివాళ్లు గుంతలు తవ్వుతారు. ఆ గుంతల కంకరలో రత్నాలతోపాటు పాతకాలపు జంతువుల ఎముకలు, పళ్లు పైకి వస్తుంటాయి. కొలంబో మ్యూజియం అధిపతిగా పనిచేసిన పి.ఇ.పి. దెరణియగల వాటిని ఏళ్ల తరబడి పరిశీలించి, వాటిలో హెక్సాప్రోటోడాన్‌ను గుర్తించారు. మంచుయుగాల్లో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి పోయేది కాబట్టి, శ్రీలంక మన నేలతో కలిసే ఉండేది. జంతువులు నడిచి వెళ్లాయి.

ఇక్కడ కాస్త ఆలోచించండి. ఇటు నర్మదలో ఉంది, అటు రత్నపురలో ఉంది. నీళ్లు లేకుండా ఒక్కరోజు గడవని జంతువు అది. నర్మద నుంచి శ్రీలంకకు పోవాలంటే నదులు పట్టుకుని, మడుగులు వెతుక్కుంటూ, తరతరాలుగా దిగువకు జరగాలి. ఆ దారంతా మన దక్షిణాది. కృష్ణ, తుంగభద్ర, పెన్న, పాలేరు, కావేరి, ఇవన్నీ ఆ దారికి అడ్డంగా పారే నీళ్లే. పెన్న మడుగుల్లో ఎనుములు మునిగి పడుకున్నట్టు ఒకప్పుడు ఈ జంతువులూ పడుకుని ఉంటాయని ఊహించడానికి నేను జంకను. ఇది నా అంచనా మాత్రమే. కానీ భూపటం ముందు పెట్టుకుని చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

మరి మన జమ్మలమడుగు నాపరాళ్లలో, పులివెందుల గుట్టల్లో ఆ ఎముకలు ఉంటాయా? ఉండవు. ఎంత తవ్వినా ఉండవు. కారణం తెలిస్తే మన నేల మీద గౌరవం పెరుగుతుంది.

కడప రాళ్లు జంతువులు పుట్టకముందటివి. పులివెందుల దగ్గర సున్నపురాతి పొరల మధ్యకు భూమి లోపలి నుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చి, పరుపులా పరుచుకుని గడ్డకట్టింది. ఆ నల్లరాతి పొర వయసును కొలిచి 2008లో ప్రకటించారు: 188 కోట్ల 50 లక్షల ఏళ్లు. అది చొచ్చుకొచ్చిన సున్నపురాయి అంతకంటే పాతదే కదా. ఆ వేడికి సున్నపురాయి మారిపోయిన చోటే బ్రాహ్మణపల్లె రాతినార (ఆస్‌బెస్టాస్) పుట్టింది. వేంపల్లె పేరుతో పిలిచే ఆ సున్నపురాతి పొరల్లో ప్రాణి ఆనవాళ్లు లేకపోలేదు. ఉల్లిపాయ పొరల్లా ఒకదాని మీద ఒకటి పేరుకున్న గోపురాల ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లంటారు. లోతులేని సముద్రంలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కట్టిన పొరలవి. ఎముక అనే వస్తువు ఈ లోకంలోకి రావడానికి అప్పటికి ఇంకా 130 కోట్ల ఏళ్లకు పైనే ఉంది. భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరల మీద 1872లోనే పెద్ద గ్రంథం అచ్చువేశారు. అప్పటి నుంచి ప్రపంచంలో పాతరాళ్లు చదివేవాళ్లందరికీ కడప పేరు తెలుసు.

అందుచేత నీటిగుర్రాన్ని బండరాతిలో వెతకకూడదు. బండరాతి మీద చాలా తర్వాత, నీటిగుర్రాల కాలంలో చేరిన మన్నులో వెతకాలి. అలాంటి మన్ను రెండు చోట్ల దొరుకుతుంది: నదుల పాత కంకర మేటలు, గుహల్లో పేరుకున్న మట్టి.

గుహల మాట వచ్చింది కాబట్టి బేతంచెర్ల దగ్గరి బిలసుర్గం గురించి చెప్పకుండా ఉండలేను. జమ్మలమడుగు చుట్టుపక్కల ఇళ్లలో పరిచే నాపరాయి ఏ రాతి వర్గానిదో, ఆ గుహలు తొలిచిందీ ఆ రాతి వర్గంలోనే. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అక్కడ ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. 1863లో మద్రాసు దగ్గరి పల్లవరంలో పాత రాతియుగపు గొడ్డలిని గుర్తించి, ఈ దేశంలో ఆదిమానవుడి చరిత్రకు తలుపు తీసింది ఈయనే. 1884లో పని మొదలుపెట్టాడు, తర్వాత కొడుకు హెన్రీ తవ్వకం కొనసాగించాడు. బయటపడిన ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో అచ్చువేశాడు. వాటిలో ఖడ్గమృగం కూడా ఉంది. కర్నూలు సీమలో ఖడ్గమృగం! ఇప్పుడు దాన్ని అడవిలో చూడాలంటే అస్సాం లాంటి చోట్లకు పోవాలి.

అదే గుహల్లో ఈ శతాబ్దంలో రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరులు మళ్లీ తవ్వారు. పాట్రిక్ రాబర్ట్స్ ముందుండి రాసిన ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. రెండు లక్షల ఏళ్ల మట్టి పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు ఇప్పటికీ ఈ ఉపఖండంలో బతికే ఉన్నాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ కాలంలోనే పెద్ద జంతువులు వరసబెట్టి నశించాయి. మన దగ్గర మాత్రం ఏనుగు, పులి, ఖడ్గమృగం, అడవిదున్న అన్నీ ఒడ్డెక్కాయి. ఇది చిన్న విషయం కాదు. ఇంత జనం, ఇంత సేద్యం పెరిగిన నేల మీద ఇన్ని పెద్ద జంతువులు మిగలడం ప్రపంచంలో చాలా అరుదు.

ఒడ్డెక్కనివి కొన్ని. గత 30 వేల ఏళ్లలో ఉపఖండం పోగొట్టుకున్న పెద్ద క్షీరదాలను అద్వైత్ జుకర్ అనే శిలాజ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లెక్కగట్టారు. రెండు రకాల భారీ ఏనుగు జాతులు, ఒక అడవి గుర్రం, నాలుగోది మన నీటిగుర్రం. పక్షుల్లో నిప్పుకోడి పోయింది. మన ప్రకాశం జిల్లాలోనే 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు, పెంకు ముక్కలతో సహా, బయటపడిందని 2024లో వడోదర విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు.

అన్ని జంతువులు బతికితే నీటిగుర్రం ఎందుకు పోయింది? జుకర్, రాజీవ్ పట్నాయక్, పార్థ్ చౌహాన్, తైవాన్ సహచరులు కలిసి 2019లో దీనికి జవాబు రాశారు. మన దేశంలో దొరికిన ఒక నీటిగుర్రం పంటికి నేరుగా కాలనిర్ణయం చేస్తే దాదాపు 16 వేల ఏళ్లు తేలింది. ఇంతకంటే తర్వాతి కాలపుది ఇంకోటి దొరకలేదు. ఆ రోజుల్లో మంచుయుగం ప్రభావంతో నైరుతి రుతుపవనం బాగా బలహీనపడి ఉంది. వానలు తగ్గాయి. ఏడాది పొడుగునా పారే నదులు తెగిపోయి, అక్కడక్కడా గుంటలుగా మిగిలాయి.

ఏనుగుకు నీళ్లు లేకపోతే ఇంకో లోయకు నడిచిపోతుంది. నీటిగుర్రానికి ఆ వీలు లేదు. దాని చర్మం ఎండకు తట్టుకోలేదు. తడి ఆరితే పగుళ్లు పడుతుంది. పగలంతా నీళ్లలో ఉండి, పొద్దుగూకాక గట్టెక్కి, ఒక్కో రాత్రి 40 కిలోల దాకా గడ్డి మేసి, తెల్లారేలోగా మళ్లీ నీళ్లు చేరుకుంటుంది. అంటే దానికి మడుగూ కావాలి, మడుగు పక్కన మేతా కావాలి. ఈ రెండిట్లో ఏది పోయినా బతుకు పోయినట్టే. నది గుంటలు గుంటలుగా విడిపోయినప్పుడు ఒక్కో గుంటలో ఒక్కో చిన్న మంద చిక్కుకుపోతుంది. ఒక మంద నుంచి ఇంకో మందకు రాకపోకలుండవు. వరసగా రెండు మూడేళ్లు వానలు రాకపోతే ఆ మంద ముగిసిపోతుంది, ఖాళీ అయిన గుంటలోకి కొత్తవి వచ్చే దారీ ఉండదు. అలాంటి చోట మనుషులు కొన్నింటిని వేటాడినా చాలు, ముగింపు తొందరగా వస్తుంది.

ప్రొద్దుటూరు వంతెన మీద నిలబడి వేసవిలో పెన్నను చూసేవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. చిత్రావతి, పాపాగ్ని, కుందు, ఏ నది ఎప్పుడు తెగుతుందో, ఏ మడుగు ఎన్నాళ్లు నిలుస్తుందో మన పెద్దలకు నోటిలెక్క. నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడే ప్రాణి నిలుస్తుందని సీమ మనిషికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

పనిలో పనిగా బయటి దేశాల సంగతులు రెండు మూడు. లక్షా పాతికవేల ఏళ్ల క్రితం ఐరోపా వెచ్చగా ఉన్నప్పుడు ఇంగ్లండులో కూడా నీటిగుర్రాలుండేవి. లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పునాదులు తవ్వినప్పుడు వాటి ఎముకలు వచ్చాయి. సైప్రస్ దీవిలో రెండున్నర అడుగుల ఎత్తు మరుగుజ్జు నీటిగుర్రం ఉండేది, సుమారు 12 వేల ఏళ్ల క్రితం అంతరించింది. మడగాస్కర్‌లోని పొట్టి నీటిగుర్రాలు సుమారు వెయ్యేళ్ల క్రితం దాకా ఉన్నాయి. మన శివాలిక్ జంతువును నిలువెత్తు బొమ్మగా చూడాలంటే హిమాచల్‌లోని సాకేతీ శిలాజ ఉద్యానానికి వెళ్లొచ్చు. 1974లో తెరిచిన ఆ తోటలో నాలుగు కొమ్ముల జిరాఫీ, కొండ తాబేలు కూడా ఉన్నాయి.

ఇక మన చేతిలో ఉన్న పని ఒకటుంది. పెన్న, కుందు గట్ల వెంట ఇసుక, కంకర రోజూ తవ్వుతున్నారు. పాతకాలపు కంకర పొరలు లారీలకెక్కి వెళ్లిపోతున్నాయి. వాటిలో ఏముందో చూసే కన్ను అక్కడ ఒక్కటీ ఉండటం లేదు. రత్నపురలో గుంతలు తవ్వే కూలీలు ఎముకలు కనబడితే పక్కన పెట్టారు కాబట్టే శ్రీలంకకు తన నీటిగుర్రం సంగతి తెలిసింది. ఆ పని మనవాళ్లూ చేయగలరు.

నీటిగుర్రం దవడ పన్ను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బాగా నమిలి అరిగిన పన్ను పై ముఖం చూస్తే, పింగాణీ పొర గీతలు మూడు రేకుల ఆకు ఆకారంలో తిరిగి ఉంటాయి. ఒక్కో పన్ను మీద అలాంటి ఆకులు జంటలుగా కనిపిస్తాయి. ఎద్దు, ఎనుము పళ్ల మీద ఉండేవి నెలవంకల్లాంటి గీతలు. ఈ మూడు రేకుల గుర్తు వాటికి ఉండదు. శిలాజమైన ఎముక మామూలు ఎముక కంటే బరువుగా, రాయిలా ఉంటుంది. అలాంటిది కనిపిస్తే కడిగి, గీకి, ఇంటికి తీసుకుపోకండి. ఉన్నచోటే ఫోనులో ఫొటో తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. గట్టు పైనుంచి ఎంత లోతులో ఉందో, కంకరలో ఉందో బంకమట్టిలో ఉందో రాసుకోండి. దాని కాలం తేల్చడానికి ఆ పొర సంగతి పన్నుతో సమానంగా అవసరం. తర్వాత కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పేవాళ్లకో, భారత భూగర్భ సర్వే హైదరాబాదు కార్యాలయానికో కబురు పెట్టండి.